చెక్క గుర్రం కుడి చెవి

పిల్లల పుస్తకాలు అచ్చువేసే సంపాదకుడుగారికి, తలుపులూ కిటికీలూ చేసి చేసి అలిసిపోయిన ఒక వడ్రంగి దణ్ణం పెట్టి రాసుకునేది—

అయ్యా, మీ చెక్క గుర్రం నవల నాలుగుసార్లు చదివాను. ఐదోసారి మా వీధి దర్జీకి వినిపించాను, ఆయన వద్దంటున్నా! బొమ్మ గుర్రం తన కథ తానే చెప్పుకోవడమేమిటండీ, నాకు కళ్ళనీళ్ళు రావడమేమిటండీ! రాసింది మా అమ్మాయి. నా భుజాలెక్కి తిరిగిన పిల్ల!

ఒక్క సవరణ. ఆ గుర్రం నాది. అమ్మాయికి ఐదో ఏట నేను చెక్కిచ్చింది. మూడో పేజీలో అది "నన్ను చెక్కినవాడు కుడి చెవి మొదలుపెట్టబోతూ భోజనానికి లేచాడు, మళ్ళీ రాలేదు" అంటుంది. అబద్ధం. అక్కడ చెక్కలో ముడి ఉంది. ఉలి పెడితే తలే చీలిపోతుంది. రెండో ముద్రణలో దిద్దండి.

ఇట్లు,
ఆనందం పట్టలేని తండ్రి

తా.క. అమ్మాయి పేరు అట్ట మీద వెతికాను. కళ్ళజోడు తుడుచుకుని వెతికాను. లోపలి పేజీ వెనకాల, చీమలు కూడా వంగి చదవాల్సినంత చిన్న అక్షరాల్లో దొరికింది. ఈసారి అట్ట మీద వేయించండి. నాకున్న కోరికల్లా అదే.

*

పెద్దలకు నమస్కారం.

మీ ఆనందం కవరు మీదికి కూడా పొంగడంతో మా చిరునామా పోస్టుమాన్‌కి కష్టం మీద కనబడిందట. ఒక్క మాట. ఆ నవల వేరే దేశపు రచయిత్రి నూరేళ్ళ కిందట రాసింది. మీ అమ్మాయి చేసింది అనువాదం మాత్రమే. గుర్రమూ, దాని చెవీ ఆ రచయిత్రివి. దిద్దడం కుదరదు. అట్ట మీద అనువాదకుల పేరు వేసే అలవాటు మాకు లేదు. అయినా మీ కోసం యజమానిని అడుగుతాను.

విధేయుడు,
సంపాదకుడు

తా.క. ఆ వాక్యం మా అందరికీ నోటికొచ్చేసింది. మా టైపిస్టు భోజనానికి లేచినప్పుడల్లా "మళ్ళీ వస్తారా?" అని అడుగుతున్నాం.

*

సంపాదకుడుగారికి నమస్కారాల మీద నమస్కారాలు!

అనువాదం అంటే ఏమిటని దర్జీని అడిగాను. "వాదం అంటే వాదించడం. అను అంటే వెనకే ఉండటం. నీ వెనక నిలబడి వాదించిందయ్యా, నీ పిల్ల వకీలైపోయింది!" అన్నాడు. కుర్చీలోంచి గంతేశాను. ఆవిడెవరో నా గుర్రం తనదంటే, మా అమ్మాయి నా తరఫున వాదించిందన్నమాట! చిన్నప్పుడు స్నానానికి రమ్మంటేనే గంటసేపు వాదించేది లెండి.

ఇక వదిలేది లేదు. సాక్షిగా గుర్రాన్నే బస్సులో పంపుతున్నాను. ఆవిడ మా ఇంటికి ఎప్పుడొచ్చిందో, నా గుర్రాన్ని ఎప్పుడు చూసిందో అడగండి.

ఇట్లు,
గెలవబోయే తండ్రి

తా.క. గుర్రం వెనక కాలు కాస్త వదులు. మీ యజమాని లావుగా ఉంటే ఎక్కనివ్వకండి.

*

పెద్దలకు,

కొంప మునిగింది. వాదన, సాక్షి, తరఫు అన్న మాటలు చూసి మా యజమాని కోర్టు నోటీసనుకున్నారు. మూలం తెప్పించి, వాక్యం పక్కన వాక్యం పెట్టి చదివించారు. మూలంలో గుర్రానికి రెండు చెవులూ ఉన్నాయి! భోజనం ఊసే లేదు. మీ అమ్మాయి సొంతంగా ఒక చెవి తీసేసింది. రెండో ముద్రణ ఆగింది. అట్ట సంగతి దేవుడెరుగు, లోపలి పేరు కూడా మిగిలేలా లేదు. సోమవారం ఆమెను సంజాయిషీకి పిలిచారు.

చింతిస్తూ,
సంపాదకుడు

తా.క. గుర్రం క్షేమంగా చేరింది. కుడి చెవి ఉండాల్సిన చోట ఎంత తడిమినా ముడి తగల్లేదు.

*

బాబూ సంపాదకుడా,

నా కాళ్ళ కింద నేల కదిలింది. పిల్లని పొగుడుదామని నోరు తెరిచి, దాని నోట్లోనే మట్టి కొట్టాను. ముడీ లేదు, గిడీ లేదు. ఆ రోజు భోజనానికి లేచాను. తిన్నాక ఓ కునుకు తీశాను. ఇరవై ఆరేళ్ళయింది. "చెవేది నాన్నా?" అని రోజూ అడిగేది. "ఇదిగో పెడతా" అని రోజూ అనేవాణ్ణి. చివరికి తనే "పోనీలే, అటువైపు నేను గట్టిగా చెబుతాలే" అని, చెవి లేని వైపు నోరు పెట్టి అరిచి మరీ కబుర్లు చెప్పేది.

తప్పు నాది. ఈ పొట్లంలో చెవి ఉంది. మధ్యాహ్నం భోజనానికి లేవకుండా చెక్కాను. అతికించండి, మూలానికి సరిపోతుంది. అమ్మాయిని ఏమీ అనకండి.

ఇట్లు,
నోరు జారిన తండ్రి

తా.క. జిగురు కూడా పెట్టాను. ఆరేదాకా ఎవరూ భోజనానికి లేవకండి.

*

గుర్రం నాన్నగారికి,

సోమవారం మీ అమ్మాయి వచ్చింది. యజమాని సంజాయిషీ అడుగుతుంటే బల్ల మీది గుర్రాన్ని చూసింది. తిన్నగా వెళ్ళి, కుడివైపు వంగి, "బాగున్నావా?" అని అరిచింది. యజమాని కుర్చీలో ఎగిరిపడ్డారు. "నాకు తెలిసిన గుర్రం ఇదొక్కటేనండీ. ఇంకో గుర్రం చేత మాట్లాడించడం నాకు చేతకాలేదు" అంది.

యజమాని మీ ఉత్తరాలన్నీ తెప్పించుకుని చదివారు. తర్వాత గుర్రానికి చెవి లేనిచోట వేలితో నిమురుతూ, "ఉన్న చెవి కోస్తే తప్పు గానీ, లేని చెవి లేదంటే తప్పేముందయ్యా?" అన్నారు. మూలంలో రెండు చెవులున్నాయని పేజీ కింద ఒక మాట వేస్తాం. రెండో ముద్రణ మొదలైంది.

అట్ట నమూనా పంపుతున్నాను. రచయిత్రి పేరు కింద, అంతే పెద్ద అక్షరాల్లో, 'అనువాదం' అని మీ అమ్మాయి పేరుంది. దాని కింద ఇంకో వరుస ఆమె పట్టుబట్టి వేయించింది— 'వాదం: మా నాన్న'.

మీ అభిమాని,
సంపాదకుడు

తా.క. గుర్రానికి చెవి అతికించబోయాం. మీరు చెక్కింది ఎడమ చెవి.