పదకొండో వరుస

12 ఏప్రిల్ 1993, సోమవారం

చార్ట్ పూర్తయింది. మూడు డ్రాయింగ్ షీట్లు అతికించి మేనేజర్ దేవయ్య సార్ గది గోడకు కొట్టాను. ఎడమవైపు పనులు, మొత్తం పద్నాలుగు వరుసలు. పైన తేదీలు. ఒక్కో పనికి స్కెచ్ పెన్నుతో ఒక్కో గీత, మొదలయ్యే రోజు నుంచి అయిపోయే రోజు దాకా. మా మూడు పిచ్చుకల బీడీ కంపెనీకి ఐదు కార్ఖానాలు: కామారెడ్డి, ఎల్లారెడ్డి, సదాశివనగర్, బీర్కూర్, జుక్కల్. ఐదూ చేతిరాత రిజిస్టర్లు వదిలి కంప్యూటర్‌లోకి ఎప్పుడు ఎలా మారాలో అంతా ఆ గోడ మీద ఉంది. జూన్ చివరికి ప్రతి బీడీ కార్మికురాలి చేతిలో ఫోటో, నెంబరు ఉన్న కొత్త కార్డు ఉండాలి.

హైదరాబాద్ కన్సల్టెంట్ రెండు రోజులు ట్రెయినింగ్ ఇచ్చి పోయాడు. మిగతా బుర్ర అంతా నాదే. కొంచెం గర్వంగానే ఉంది.

దేవయ్య సార్ చాలాసేపు చూశాడు. మంచిగనే ఉంది రాజలింగు, గని గింత పెద్దగ ఎందుకు, క్యాలెండర్ కనబడ్తలేదు అన్నాడు.

అటెండర్ మైసన్న మేకులు అందిస్తూ, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని గొణిగాడు. విననట్టు ఉన్నాను.

13 ఏప్రిల్

చార్ట్‌ను తలుపు వెనక్కి మార్చారు. క్యాలెండర్ కోసం.

3 మే, సోమవారం

కంప్యూటర్ ఈ రోజు వచ్చింది. చార్ట్‌లో ఏప్రిల్ 20. రెండో వరుసకే పదమూడు రోజులు ఆలస్యం.

పెట్టడానికి గది లేదు. తునికాకు గోదాంలో ఒక మూల ఖాళీ చేశారు, ఫ్యాన్ అక్కడే ఉందని. దుమ్ము తగలకూడదని కన్సల్టెంట్ పదిసార్లు చెప్పాడు. ఆ గోదాంలో దుమ్ము తప్ప ఏముంది? దేవయ్య సార్ దండ వేసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ పక్కనే కొట్టాడు. నీళ్లు కీబోర్డ్ మీద చిందాయి. అప్పటినుంచి ఒక F నొక్కితే రెండు పడుతున్నాయి. ఎవరిని తిట్టాలి, దేవుడినా?

19 మే, బుధవారం

ఎల్లారెడ్డి పోయి వచ్చాను. బస్సులో సీటు దొరకలేదు, నడుము విరిగింది.

అక్కడి కార్ఖానా మున్షీ యాకూబు చాచా ముప్పై ఏళ్ల రిజిస్టర్లు ముందు పెట్టాడు. ఒక్కో పేరు వేలు పెట్టి చదువుతుంటే నేను రాసుకున్నాను. ఒక్క ఎల్లారెడ్డిలోనే పదకొండు మంది గంగమణులు. ఈమె బావి కాడి గంగమణి, ఈమె పొట్టి గంగమణి అని చెప్తూ పోయాడు. నా ప్రోగ్రాంలో పొట్టి, పొడుగు రాయడానికి ఫీల్డ్ లేదు.

పాత కార్డు చూశాను. మడతపెట్టిన అట్టముక్క. ఆర్నెల్లకోసారి, జనవరిలో, జులైలో, దాని మీద గుండ్రటి ముద్ర వేస్తారు. ముద్రలో మూడు పిచ్చుకలు, చుట్టూ కంపెనీ పేరు. ఆ ముద్ర లేకపోతే కార్డు చెల్లదు. ఈ కార్డు ఎవరెవరు చూస్తారు చాచా అని అడిగాను. చూసెటోళ్లు చానా మంది ఉన్నరు బిడ్డా, బడి ఉన్నది, దవాఖాన ఉన్నది, అని మొదలుపెట్టాడు. బస్సు టైమైంది. తర్వాత అడగాలి అని నోట్‌బుక్‌లో రాసుకుని లేచాను.

వచ్చేటప్పుడు గంగమణి చిన్నమ్మ కనబడింది. పదకొండు మందిలో మా గంగమణి. నన్ను కన్న అవ్వా ఆమే ఒకే అరుగు మీద కూర్చుని ఇరవై ఏళ్లు బీడీలు చుట్టారు. ఒళ్లో చాట, చేతులు ఆగవు. మనిషి సగమైంది. నాతో మాట్లాడుతూనే నాలుగుసార్లు దగ్గింది, దగ్గు వచ్చినప్పుడు మాత్రం చాట పక్కకు తిప్పుకుంది, తంబాకు చెదరకుండా. అందరి పేర్లు మిషన్ల ఏస్తున్నవటగద, నాది ముందుగల ఏయి బిడ్డా అని నవ్వింది. వేస్తానన్నాను.

8 జూన్, మంగళవారం

ఫోటోల రోజు. ఖాజా స్టూడియో వాళ్లను కెమెరాతో సహా ఎల్లారెడ్డి తీసుకుపోయాను. మూడు వందల మంది రావాలి. నలభై మంది వచ్చారు.

ఈ రోజు మిరుగం, మృగశిర కార్తె మొదలు. అందరూ చేపల కోసం పోయారు. మిరుగం నాడు ఫోటోలెవలు దిగుతరు అని యాకూబు చాచా జాలిగా చూశాడు. పుట్టింది ఎల్లారెడ్డిలో, పెరిగింది ఎల్లారెడ్డిలో. ప్రతి మిరుగానికీ చేప తిన్నవాణ్ణే. చార్ట్ గీసేటప్పుడు ఆ సంగతి నాకెందుకు గుర్తు రాలేదో తెలియదు. నా చార్ట్‌లో ఆదివారాలు ఉన్నాయి, ఆగస్టు పదిహేను ఉంది. మిరుగం లేదు.

వచ్చిన నలభై మందిలో గంగమణి చిన్నమ్మ ఉంది. చేపలు తినే ఓపిక లేదట.

23 జూన్

ఐదో రోజు. కరెంట్ లేదు.

30 జూన్, బుధవారం

కొత్త కార్డుల అట్టలు శివకాశి నుంచి ఇంకా రాలేదు. ఫోటోలు సగం. ఎంట్రీ సగం. ఆరో వరుస, ఏడో వరుస, తొమ్మిదో వరుస అన్నీ ఆలస్యం. దేవయ్య సార్‌ను అడిగితే అయితది తీ అంటాడు. ఈ ఊరంతా ఒకే మాట: అయితది తీ. ఒక్క పనైనా అనుకున్న తేదీకి అయ్యిందని చెప్పుకోవాలి నాకు. ఒక్కటంటే ఒక్కటి.

1 జులై 1993, గురువారం

అయింది!

పదకొండో వరుస: పాత ముద్రల రద్దు, జులై 1. పోయినేడు ఎక్కడో దొంగ ముద్రతో దొంగ కార్డులు పుట్టాయని దేవయ్య సార్‌కు భయం. కంప్యూటర్ కార్డుకు నెంబరే రుజువు, ముద్ర అక్కర్లేదని నేనే ఒప్పించాను. ఐదు కార్ఖానాల ఇత్తడి ముద్రలు కామారెడ్డి తెప్పించాను. మైసన్న ఆకురాయితో ఒక్కొక్కటి రాకాడు. పిచ్చుకలు పోయి నున్నగా అయ్యాయి. లెక్కపెట్టి, కాగితం రాసి, సంతకం పెట్టాను.

యాకూబు చాచా తన ముద్రను రుమాల్‌లో చుట్టి స్వయంగా తెచ్చాడు. కొత్త కార్డులు అందరికి అందినంక రాకితే కాదా బిడ్డా అని అడిగాడు. తేదీ ఈ రోజే ఉంది చాచా అన్నాను. ఆయన ఖాళీ రుమాలు మడిచి జేబులో పెట్టుకుని బస్టాండ్‌కు నడిచాడు.

గీత మొత్తం ఎర్ర సిరాతో నింపాను. వంద శాతం. ప్లాన్ మొత్తంలో టైముకు అయిన పని ఇదొక్కటే.

9 జులై, శుక్రవారం

గంగమణి చిన్నమ్మ, కూతురు తార ఆఫీసుకు వచ్చారు. తార చేతిలో ఉత్తరం. చిన్నమ్మకు టీబీ. బీడీ కార్మికుల కోటాలో పట్నం దవాఖానలో బెడ్ వచ్చింది. జులై 20 లోపల చేరాలి, లేకపోతే బెడ్ వెనక ఉన్నవాళ్లకు పోతుంది. తెచ్చుకోవాల్సినవి: ఎక్స్‌రే, తోడుండే ఇద్దరి పేర్లు, చెల్లుబాటులో ఉన్న కంపెనీ కార్డు.

పాత కార్డు ఇచ్చింది. చివరి ముద్ర జనవరిది. జులై ముద్ర వెయ్యి బిడ్డా అంది.

ముద్రలు లేవని చెప్పాను. కొత్త కార్డు వస్తుందని చెప్పాను. ఎప్పుడొస్తది అని తార అడిగింది. తలుపు వెనకకు చూశాను, చార్ట్ వైపు. అందులో ఉన్న తేదీ ఎప్పుడో దాటిపోయింది.

ఎంతసేపు పడ్తది బిడ్డా, టప్పుమని ఒక్క దెబ్బ అంది చిన్నమ్మ. కోపంగా కాదు. నిజంగా అర్థం కాక అడిగింది.

వాళ్లు పోయాక చార్ట్ ముందు నిలబడ్డాను. పద్నాలుగు గీతలు గీశాను. ఒక్క బాణం గీయలేదు. తొమ్మిది, అంటే కొత్త కార్డుల పంపకం, అయ్యేదాకా పదకొండు ముట్టకూడదని ఒక్క బాణం. ముసలాయన రుమాలు పట్టుకుని చెప్పింది అదే. దాన్ని నేను వినలేదు, తేదీ చూపించాను. అందరి మీదా కోపం తెచ్చుకునే అలవాటు నాకు. ఈ రోజు దానికి వేరే మనిషి దొరకడం లేదు.

12 జులై, సోమవారం

దేవయ్య సార్‌ను ఉత్తరం రాసిమ్మన్నాను. రాసిచ్చాడు. కింద ముద్ర ఏది అని తనే అడిగాడు. కంపెనీ కొత్త రబ్బరు స్టాంపులు పదమూడో వరుస. సెప్టెంబర్.

శివకాశికి ట్రంక్ కాల్. మూడు గంటలు కూర్చుంటే కలిసింది. ఇంకో పది రోజులట.

మైసన్న చాయ్ పెట్టి, ముద్రదేముంది సార్, మా అత్తగారి ఊర్ల ఒకాయన హవాయి చెప్పు మడమ కోసి తహసీల్ ముద్ర చేసిండు అన్నాడు. పిచ్చి మాటలు మాట్లాడకు అని కసిరాను. అలాంటి వాళ్ల వల్లే ముద్రలు రాకాల్సి వచ్చిందని లెక్చర్ కూడా ఇచ్చాను.

15 జులై, గురువారం, తెల్లవారి 5.40

కరెంట్ ఉంది. గోదాంలో ఒక్కణ్ణే. అట్టల కోసం ఆగకుండా మామూలు మందం కాగితం మీద చిన్నమ్మ కార్డు ప్రింట్ తీశాను. రెండుసార్లు కాగితం ఇరుక్కుంది. మూడోసారి వచ్చింది. ఫోటో అతికించాను. మిరుగం నాటి ఫోటో, అందులో కూడా దగ్గు ఆపుకుంటున్నట్టే ఉంది. నెంబరు 00001. ముందుగల ఏయి అన్నది కదా.

సాయంత్రం. మొదటి బస్సుకు ఎల్లారెడ్డి పోయి నేనే చేతికిచ్చాను. కార్డు తిప్పి తిప్పి చూసి, మంచిగున్నది, గని బోసిగున్నది అంది.

పదమూడు వారాల తర్వాత మొదటిసారి నవ్వుతూ బస్సెక్కాను.

17 జులై, శనివారం

వెనక్కి పంపారు.

నిన్న పొద్దున బయల్దేరి, రెండు బస్సులు మారి, మధ్యాహ్నానికి చేరారట. దవాఖాన పేరు రాయను, రాస్తే ఇంకా కోపమొస్తుంది. అక్కడి గుమస్తా కార్డు చూసి గోల్ ముద్ర ఏది అన్నాడట. ఇది కంప్యూటర్ కార్డు, దీనికి ముద్ర ఉండదు అని తార నేను చెప్పినట్టే చెప్పింది. మాకు వచ్చిన కాగితంలో కంపెనీ ముద్ర అని ఉన్నది, కంప్యూటర్ అని లేదు అన్నాడట. వాడి తప్పు కూడా లేదు. కార్డులు మారుతున్నాయని వాడికి ఎవరు చెప్పారు? ఎవరెవరు చూస్తారో కూడా నేను రాసుకోలేదు. మే 19న యాకూబు చాచా చెప్పబోతే బస్సు టైమైంది నాకు.

వరండాలోనే రాత్రంతా కూర్చుని పొద్దున బస్సుకు నేరుగా మా ఆఫీసుకు వచ్చారు. తార నా మొహం చూడలేదు. చిన్నమ్మే మాట్లాడింది. పోనీ తీ బిడ్డా, నువ్వు చెయ్యాల్సింది చేసినవ్ అంది. చేసింది ఏమిటో నాకు తెలుసు.

చాచాకు కార్ఖానాకు ఫోన్ చేశాను. ఎక్కడైనా ఒక్క ముద్ర, పాతది, అరిగిపోయింది, ఏదైనా మిగిలిందా అని. నువ్వే లెక్కవెట్టి రాకిచ్చినవ్ గద బిడ్డా అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. బీడీ కంపెనీలో ఆకులకేం కొదవ.

ఇంకా మూడు రోజులు.

18 జులై, ఆదివారం

గదిలోనే ఉన్నాను. బ్లేడ్లు నాలుగు విరిగాయి. అద్దంలో చూసి అక్షరాలు చెక్కాలని రెండోసారికి తెలిసింది. మూడో పిచ్చుక కోడిపెట్టలా వచ్చింది.

19 జులై, సోమవారం

మొదటి బస్సు. ఎల్లారెడ్డి. టప్పుమని ఒక్క దెబ్బ.

చిన్నమ్మ చూసి, గీ పిచ్చుక మంచిగ మేసింది అంది. తార మొదటిసారి నా కాళ్ల వైపు చూసింది. తర్వాత మొహం వైపు. వాళ్లు పట్నం బస్సెక్కారు, నేను ఇటు ఎక్కాను.

21 జులై, బుధవారం

తార ఫోన్ చేసింది. చేరారు. బెడ్ నెంబరు పద్నాలుగు, కిటికీ పక్కన. గుమస్తా ముద్ర వైపు ఒక్క క్షణం చూసి రిజిస్టర్‌లో రాసుకున్నాడట. పిచ్చుకలు లెక్కపెట్టలేదట.

ఫోన్ పెట్టేసి గోదాం మూలకు పోయి ఏడ్చాను. ఎందుకో రాయలేను. సంతోషం ఒక్కటే కాదు.

ఆ రబ్బరు ముక్కను బీడీలు ఆరబెట్టే బట్టీలో వేశాను. సాయంత్రం దాకా కార్ఖానా అంతా కంపు. దేవయ్య సార్ కుంటుతున్నవేంది అన్నాడు. చెప్పు తెగింది సార్ అన్నాను. మైసన్న నా ఎడమ చెప్పు చూశాడు, మడమ ఉండాల్సిన చోటు చూశాడు. చాయ్ పెట్టి పోయాడు.

శివకాశి అట్టలు వచ్చాయి. రేపటి నుంచి ఎల్లారెడ్డిలో కొత్త కార్డులు పంచుతారు.

26 జులై, సోమవారం

గేటు దగ్గర ఏడుగురు ఆడవాళ్లు. ఎల్లారెడ్డి నుంచి మొదటి బస్సుకు వచ్చారట. అందరి చేతుల్లో కొత్త కార్డులు. గంగమణికి ఏసిన ముద్ర మాకు కూడ ఏయి అంటున్నారు.

కుడి చెప్పు ఉంది.