మెస్సు మీది గది

చిట్టి చెల్లికి,

అమ్మ కంటి ఆపరేషన్‌కు తేదీ ఇచ్చారని తెలిసి మనసు కుదుటపడింది. నేను పనిచేసే ఆసుపత్రే కాబట్టి బెంగలేదు. ఊరు మాత్రం మీకు కొత్త. బస్టాండులో దిగగానే ఆటోవాళ్లు చుట్టుముడతారు, ఎవరికీ జవాబు చెప్పకు. రోడ్డు దాటితే ఆసుపత్రి బస్సు దొరుకుతుంది. లాడ్జీ మాట ఎత్తకు. ఇక్కడి లాడ్జీల దుప్పట్లు చూస్తే లేని రోగం వస్తుంది. నా గది ఉండగా మీకు లాడ్జీ ఏమిటి? మూడో అంతస్తే, అమ్మను మెల్లగా ఎక్కిద్దాం. భోజనానికి కిందనే మెస్సు. ఇరుకని ఇన్నాళ్లూ తిట్టుకున్నాను. ఇప్పుడు యజమాని నడిమి గోడ కొట్టించి హాలు పెద్దది చేస్తున్నాడు. మీరొచ్చేసరికి మోకాళ్లు తగలకుండా తినొచ్చు.

నీ కోసం చూస్తూ,
అక్క

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివితే అమ్మ "దానికి చిన్నప్పటినుంచీ పెత్తనమే" అని మురిసిపోయింది. మెట్లకు పట్టుకునే కమ్మీ ఉందా అని అడుగుతోంది. మీ మరిది పొరుగూరిలో ఎవరిదో మేడ కడుతున్నారు. రాగానే టికెట్లు తెస్తారు.

నీ
చిట్టి

చిట్టీ తల్లీ,

మెట్లకు కమ్మీ ఉందని అమ్మకు చెప్పు. గది తలుపే రెండు రోజులుగా పట్టేస్తోంది, భుజంతో నెట్టాలి. వానలైనా లేవు, చెక్క ఎందుకు ఉబ్బిందో. పై వాటా టైలరమ్మ కిటికీ అద్దం ఎవరూ ముట్టకుండానే పగిలింది. "నేను పాడుతున్నానమ్మా, అద్దానికీ చెవులుంటాయి కదా" అని నవ్వింది. మంచం మీద సున్నం రాలుతోంది, దులుపుకుని పడుకుంటున్నాను. మెస్సు మాత్రం ఎంత విశాలమైందో. టేబుళ్లకు అడ్డమని మధ్యలో స్తంభం కూడా తీసేశారు.

త్వరగా రండి,
అక్క

అక్కా,

మేడలో ఉండి చదువుతుంటే ముందు బయటికి వచ్చేయ్. రాత్రి మీ మరిది వచ్చారు. ఆయన భోంచేస్తుంటే నీ ఉత్తరం చదివాను. స్తంభం మాట రాగానే ముద్ద కంచంలో వదిలేసి "మళ్లీ చదువు" అన్నారు. విని చేయి కడిగేసుకున్నారు. "అది అడ్డం కాదే, ఆ మేడకు కాలు. పై బరువు దిగి తలుపు పట్టేస్తోంది. అక్కను కట్టుబట్టలతో బయటికి రమ్మను" అన్నారు. ఆయన తాపీ పట్టిన ఇన్నేళ్లలో ముఖం అలా పెట్టడం నేను చూడలేదు. పోస్టును నమ్ముకోలేక ఇది బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నీ మాట తెలిసేదాకా నిద్రపోని
చిట్టి

చిట్టీ,

నేను బతికే ఉన్నాను. నర్సుల క్వార్టర్స్ నుంచి రాస్తున్నాను.

డ్రైవరు నీ ఉత్తరం ఆసుపత్రికే తెచ్చిచ్చాడు. చదివి పరిగెత్తాను. మెస్సు యజమానికి చెబితే "ఎవరో మేస్త్రి మాట పట్టుకుని మధ్యాహ్నం బేరం చెడగొట్టకమ్మా" అన్నాడు. తింటున్నవాళ్లు తలెత్తి చూసి మళ్లీ తలలు దించారు. అప్పుడే పైకప్పు నుంచి పెచ్చు ఊడి ఒకాయన కంచంలో పడింది. సర్వరు చేతిలో పళ్లాలు వదిలేసి వీధిలోకి పరిగెత్తాడు, అతని వెనకే తింటున్నవాళ్లంతా. నేను పైకెళ్లి ప్రతి తలుపూ బాదాను. తిట్టుకుంటూనే దిగారు.

టైలరమ్మ నా చేతిలో పెద్ద సంచీ పెట్టింది. "నువ్విది పట్టుకుని దిగు. మిషను మీద గుడ్డ ఉంది, తీసుకుని నీ వెనకే వచ్చేస్తా" అంది. దిగాను. నేను రోడ్డు దాటి తిరిగి చూసేలోపు మేడ ఉన్నచోటే కూలబడింది. బస్తా దించినట్టు చప్పుడు, ఆ తర్వాత దుమ్ము. ఆవిడ శవాన్ని మర్నాడు తీశారు. యజమాని కాలు విరిగి మా వార్డులోనే ఉన్నాడు. నన్ను చూస్తే గోడవైపు తిరుగుతాడు.

ఆ సంచీ నిండా బడిపిల్లల యూనిఫాంలు. ఒక్కోదానికి పేరు రాసిన గుడ్డముక్క గుచ్చి ఉంది. తల్లులు ఒక్కొక్కరే వచ్చి పట్టుకెళ్తున్నారు. ఒక్క గౌనుకు మాత్రం అంచు మడవలేదు. నాకు సూది పట్టడం రాదని నీకు తెలుసు. అమ్మతో వచ్చినప్పుడు అది నువ్వు కుట్టిపెట్టాలి. ఆ గౌను పాప రోజూ బడి నుంచి వస్తూ మా క్వార్టర్స్ గుమ్మం దగ్గర నిలబడి చూసిపోతోంది.

నీ
అక్క