ముటిసో చెప్పిన నిజం

నకూరు

అన్నయ్యా, నేను కులాసా. కుడిచేయి కట్టులో ఉంది కాబట్టి ఈ కార్డు ముటిసో చేత రాయిస్తున్నాను. కరెంటు స్కూటర్‌తో నన్ను గుద్దింది ఇతనే. "ఆవిడే చూసుకోకుండా అడ్డమొచ్చిందని చెప్పు, నీ పని నీకుంటుంది" అని ఇతని యజమాని నేర్పించి తెచ్చాడట. తీరా బీమా ఆఫీసులో ఇతను, "ఫోను చూస్తూ నడిపానండీ, తప్పు నాదే" అనేశాడు. నాకు పరిహారం వచ్చింది, ఇతని పని పోయింది. అందుకే నా చపాతీల కొట్లో పెట్టుకున్నాను. ఒక్కటీ గుండ్రంగా రాదు. ఆ ముక్క రాయనని మొరాయిస్తే బలవంతాన రాయించాను.

నా వైద్యానికని ఆవును అమ్మకు. చిక్కుళ్లు విత్తారా? వదిన దగ్గు తగ్గిందా? పిల్లలకు దీవెనలు. ఇతని కాళ్లు విరగ్గొడతానన్నావట. అందుకైతే బయల్దేరకు, తినడానికైతే రా.

నీ చెల్లెలు
న్యాబోకే