మగ్గంలో మిగిలిన కాగితాలు

మౌనికోళ్ల నాయనా,

ఆదోని నుంచి ఫోనొచ్చింది. మన పెద్దది వనజకు నొప్పులు మొదలైనాయంట. "అమ్మా, నువ్వు రా" అని ఏడిసింది. బస్సుకు పోతాండాను. సంగటి గిన్నెలో ఉంది, శెనక్కాయల చట్నీ పక్కనే మూత కింద పెట్టినా. మౌనికకు జడెయ్యి. రాకుంటే ఒట్టి రబ్బరుబ్యాండన్నా పెట్టి బడికి పంపు.

నేనొచ్చేకి నెలయితాదేమో. నా మగ్గం మీది చీర నువ్వే నెయ్యి. పడుగు దారాలు మగ్గం దుంగకు చుట్టేటప్పుడు వరసల మధ్యన నువ్వు పరిచిన కాగితాలు నేను చదువుతాండిన నవలవి. అట్ట లేదు కదా, పాత పుస్తకమని చించేస్తివి. నేనేమన్నా అంటినా? నేసేకొద్దీ ఒక్కో కాగితం బయటికొస్తాంటే చదువుకుంటాండాను. వాటిని ఊడ్చి పారెయ్యొద్దు, నా దిండు కింద పెట్టు.

నిన్నటి కాగితంలో ఆ కథలో తల్లి, ఇంక తన బతుకు తాను బతకాలని సంచి పట్టుకుని గడప దాటింది. వెనక నుంచి బిడ్డ పిలిచింది. ఆడికి కాగితం అయిపోయింది. ఇంకో మూర నేస్తే తెలుస్తాదని పొద్దున్నే మగ్గంలో కూర్చున్నా. అంతలో వనజ ఫోను.

ఆ కాగితం వస్తే ఫోన్లో నాకు చదివి వినిపించు. వద్దులే. ఆమె వెనక్కి తిరిగిందంటే నాకు ఏడుపొస్తాది. తిరగలేదంటే వనజ దగ్గర కూర్చోలేను.