విండోస్ 98లో పదకొండు పేర్లు

3 జులై 2025, గురువారం

దొంగ మీరే. ఈ డైరీ ఎవరి చేతికి దొరికినా ముందు ఆ మాట చదువుకోండి. అప్‌డేట్ చేయమంటే చేశారు. పాతది పారేయమంటే పారేశారు. పాత కంప్యూటర్‌తో పాటు ఎవరి మాటలు చెత్తబండి ఎక్కాయో మీలో ఒక్కరూ అడగలేదు.

నువ్వు అడిగావా అంటారేమో. అప్పుడు నేను పత్రిక నడుపుతున్నాను. 'నిలదీత' సంపాదకుడిని. నాకు పని ఉంది.

పొద్దున గొల్లబండ నుంచి చంద్రవ్వ వచ్చింది. డెబ్బై దాటాయి. 2001లో అక్కడి గ్రానైట్ క్వారీలో దుమ్ము తిని మనుషులు పోతుంటే ఊరి ఆడవాళ్లను వెంటేసుకుని గేటు ముందు పంతొమ్మిది రోజులు కూర్చున్న మనిషి. భర్త బాలమల్లు ఆ దుమ్ముకే పోయాడు. దాని మీద నేను ప్రత్యేక సంచిక వేశాను.

ఆ క్వారీని ఇప్పుడు రెండింతలు చేస్తారట. 17న ఊళ్లో ప్రజాభిప్రాయ సేకరణ. యజమాని జగపతిరావు తరఫు రిపోర్టులో ఒక వాక్యం ఉంది: దుమ్ము వల్ల ఇక్కడ ఏ కార్మికుడూ మరణించలేదు. ఆఫీసర్లేమో నోటి మాట చెల్లదు, రాసింది తెమ్మంటున్నారు.

గా దినం పదకొండు మంది పేర్లు జెప్పిన, నువ్వు రాసుకున్నవ్ గదా బిడ్డా, యాడ వెట్టినవ్ అంది. తనకు ఇప్పుడు ఆరే యాదికున్నయట. మిగతావాళ్లు ఆదిలాబాద్ దిక్కు నుంచి పనికొచ్చినవాళ్లు. వాళ్ల పేరూ ఊరూ ఆ కాయిదం మీద తప్ప ఎక్కడా లేవు.

నోటుబుక్కును చెదలు తిన్నాయి. సంచిక కాపీ ఒక్కటీ లేదు. ఉన్నా లాభం లేదు, ఆ పేర్లు అచ్చు కాలేదు. ఎందుకు కాలేదో అందరికీ తెలుసు. డీటీపీ చేసిన తిరుమలను జగపతిరావు మనుషులు కొన్నారు. తర్వాతి సంచికలో నేనే రాశాను, పేరు పెట్టి.

4 జులై

ఆ సంచిక సీడీ దొరికింది. వెళ్లిపోయే రోజు తిరుమల నా బల్ల మీద పెట్టి పోయింది. ఇరవై నాలుగేళ్లుగా తెరవలేదు. మేటరంతా ఒకసారి టైపు చేశాకే పేజీ కట్టేది, కాబట్టి పేర్లు ఇందులో ఎక్కడో ఉండాలి.

ఫైలు పేజ్‌మేకర్‌ది, అప్పట్లో పత్రిక పేజీలు కట్టిన ప్రోగ్రాం. నా లాప్‌టాప్ దీన్ని దేంతో తెరవాలి అని నన్నే అడిగింది.

వందనకు నా మీద జాలేసింది. నా భార్య, కాలేజీలో లెక్కలు చెప్తుంది. టవర్ సర్కిల్ కాడ పాత డీటీపోళ్లు ఇంకా ఉన్నరు, ఇచ్చి రారాదు అంది. ఇవ్వను. ఒకసారి ఇచ్చి చూశాను కదా. అమ్ముకుంటారు. నేనే తెరుస్తాను అన్నాను. నీకు వాట్సాప్‌ల ఫొటో తిప్పుడే రాదు అంది.

పద్ధతి చదివాను. వర్చువల్ మెషీన్ అంటారు. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు నటించే ప్రోగ్రాం. అందులో విండోస్ 98 వేస్తే, తాను పాత డబ్బాలోనే ఉన్నానని అది నమ్ముతుందట. అప్పుడు పాత పేజ్‌మేకర్ పని చేస్తుంది. రెండింటి అసలు సీడీలూ, కవరు మీద సీరియల్ నంబర్లతో సహా నా దగ్గరున్నాయి. నేను దొంగ సాఫ్ట్‌వేర్ వాడలేదు. వ్యతిరేకిస్తూ వ్యాసం కూడా రాశాను.

5 జులై

ఆగింది. మళ్లీ వేశాను. మళ్లీ ఆగింది.

6 జులై, ఆదివారం, ఉదయం 11

దీన్ని రాసి పెట్టాలి. సెటప్ సగం దాకా వచ్చి, విండోస్ మొదలుపెట్టడానికి మెమరీ చాలదు అంటున్నది. మెషీన్‌కు నేనిచ్చింది నాలుగు జీబీ. ఆ కాలంలో జిల్లా మొత్తం కలిపినా అంత ఉండేదో లేదో. ఎనిమిది చేశాను. చాలదన్నది.

చదివితే తేలింది. అంత మెమరీని అది ఎప్పుడూ చూడలేదు. లెక్కపెట్టడంలోనే తడబడి, లేదని చెప్తుంది. తగ్గించమన్నారు. 256 ఎంబీకి దించాను. బుద్ధిగా నడిచింది.

నలభై నిమిషాలు కుర్చీలోంచి లేవలేదు. అన్నం చల్లారింది. యాభై నాలుగేళ్ల మనిషిని, జీవితమంతా పెట్టుబడిని తిట్టినవాడిని, ఒక కంపెనీ నీలం తెర ముందు నోరు తెరిచి కూర్చున్నాను. ఎడమ పక్కన ఇంకా ఎన్ని నిమిషాలో చూపిస్తున్నది. ముప్పై రెండు అంటుంది, పది నిమిషాలయ్యాక కూడా ముప్పై రెండే అంటుంది. కుడి పక్కన తనను తాను పొగుడుకుంటున్నది. అప్పుడు దీన్ని భవిష్యత్తు అన్నారు. మూడేళ్లకో భవిష్యత్తు అమ్మేవాళ్లకు నిన్నటితో ఏం పని? కానీ ఇది ఎలా పని చేస్తుందో తెలుసుకోవాలని ఉంది. చాలా ఉంది.

మధ్యాహ్నం 1

వచ్చింది. ఆకుపచ్చా నీలమూ కలిసిన ఆ తెర, ఆ మోత. వంటింట్లోంచి వందన చేతులు తుడుచుకుంటూ వచ్చింది. గిది మా ల్యాబ్‌ల మోత గాదా, చెప్పులు బయట ఇడిసి పోవాలె, ముట్టుకుంటే సారు కొట్టెటోడు అంది. మౌస్ లాక్కుంది. పేకలు ఆడింది. నా పని చంద్రవ్వది, ఆటలకు కాదు అన్నాను. ఒక్క ఆట ఆడితే విప్లవం ఆగిపోతదా అంది.

8 జులై

పేజ్‌మేకర్ పడింది. ఫైలు తెరుచుకుంది. ఎనిమిది పేజీలు. ఒక్క అక్షరం తెలుగు లేదు. ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులు, చుక్కలు. తెలుగు ఫాంటు లేక అలా చూపిస్తున్నది. తిరుమల పనిచేసిన డీటీపీ సెంటర్ సొంతంగా వాడిన ఫాంటు అది. వెతికాను, దొరకలేదు.

విచిత్రం ఏమిటంటే, చదవలేకపోయినా పేజీలు గుర్తుపడుతున్నాను. ఇది బాలమల్లు ఫొటో కింది వాక్యం. ఇది చందాదారులకు మనవి. ఇది నా సంపాదకీయం. మొదటి పేజీలో మొదలై, నాలుగో పేజీ అడుగున ముగిసింది. ఎనిమిదిలో నాలుగు. నాకు మూడని గుర్తు.

9 జులై

ఫాంటు తిరుమల దగ్గరే ఉంటుంది. ఇచ్చోడలో హైవే మీద ఫ్లెక్సీల షాపు పెట్టుకుందట. ఫోన్ చేశాను. నేను అన్నాను. ఎవలు అంది. సంపత్ అన్నాను. కట్ చేసింది.

10 జులై, ఇచ్చోడ నుంచి వస్తూ, నిర్మల్ బస్‌స్టాండ్, సాయంత్రం 5

వెళ్లాను. దోషి దగ్గరికి నేనే నడిచి వెళ్లాల్సి వచ్చినందుకు దారి పొడుగునా కోపం. అడగాల్సిన ప్రశ్నలు బస్సులోనే నంబర్లు వేసి రాసుకున్నాను.

షాపు నిండా పుట్టినరోజు ఫ్లెక్సీలు. తిరుమల జుట్టు నెరిసింది. కళ్లజోడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు. తెర మీద ఒక సర్పంచ్ ముఖం తెల్లగా చేస్తూ నా వంక చూడకుండానే మాట్లాడింది.

సార్, నన్ను కొన్నరని రాసిండ్రు, ఎంతకు కొన్నరో రాయలే, రేటన్న రాస్తే పోయి తెచ్చుకుందును గదా అంది. ఫ్లెక్సీ కోసం కూర్చున్న ఇద్దరు నవ్వారు. వాళ్లకు ఏమీ తెలియదు, అయినా నవ్వారు. నా నంబర్ల కాగితం జేబులోనే ఉంది.

ఆ సంచిక తర్వాత కరీంనగర్‌లో ఏ సెంటరూ పని ఇవ్వలేదట. ఆర్నెల్లు తిరిగి మేనత్త ఊరని ఇచ్చోడకు వచ్చిందట. ఫిర్యాదులా చెప్పలేదు. బస్సు టైములు చెప్పినట్టు చెప్పింది.

చంద్రవ్వ పని అని చెప్పాను. సర్పంచ్ ముఖాన్ని సగంలో ఆపింది. చంద్రవ్వ ఇంక బతికే ఉన్నదా అంది. హియరింగ్ సంగతి, తారీఖు అన్నీ అడిగింది. లేచి పాత హార్డ్ డిస్క్ తీసి, ఫాంట్లు పెన్‌డ్రైవ్‌లోకి వేసింది. మీ కోసం కాదు సార్ అంది.

మెట్లు దిగుతుంటే పిలిచింది. ప్రింటుల చూడకున్రి, పేజీ బయట చూడున్రి, నేను ఏదీ డిలీట్ చేయ, మీ ఎడిటర్ల సంగతి నాకెరుకే, పొద్దున తీసెయ్యిమంటరు, మాపటికి మళ్ల పెట్టుమంటరు అంది.

అర్థం కాలేదు. అడగలేదు. అడిగితే నేర్పించుకున్నట్టు అవుతుంది.

12 జులై, శనివారం, ఉదయం 10

విండోస్ 98కి పెన్‌డ్రైవ్ అంటే తెలియదు. పెట్టినా పలకదు. ఫాంట్లను సీడీకి నకలులాంటి ఒకే ఫైలు చేసి, మెషీన్ లోపలి డ్రైవ్‌లో పెట్టినట్టు నమ్మించాలి. మూడోసారికి నమ్మింది. దీన్ని మోసం చేయడం నాకు బాగా అలవాటైంది.

ఫైలు తెరిచాను. గుర్తులన్నీ ఒక్కసారిగా తెలుగు అయ్యాయి. నా సంపాదకీయం మొదటి వాక్యం: 'ఓ నిద్రాముద్రిత సమాజమా.' సిగ్గేసింది. అయినా రెండో పేజీ దాకా చదివాను.

ఎనిమిది పేజీలు వెతికాను. పేర్లు లేవు. ఏడో పేజీలో 'పదకొండు మంది శ్రామికులు' అని ఉంది. అంతే. చూశారా, నేను ముందే చెప్పాను, తీసేసింది అని పైకే అన్నాను. వందన పక్క గదిలోంచి ఎవల్తోటి లొల్లి అంది.

11.30

పేజీ బయట.

పేజ్‌మేకర్‌లో పేజీ తెర మధ్యన ఉంటుంది. చుట్టూ ఖాళీ జాగా, బల్ల లాగా. పేజీలో పట్టని ముక్కను ఆపరేటర్ ఆ బల్ల మీదికి జరిపి పెడుతుంది. ప్రింటులో రాదు. ఈ ప్రోగ్రాంలో తెరిచి, పేజీని చిన్నది చేసి దూరం జరిగినట్టు చూస్తేనే కనిపిస్తుంది.

దూరం జరిగాను. ఎడమ పక్కన, పేజీకి ఆనుకుని, సన్నటి కాలమ్. పదకొండు పేర్లు. పేరు, వయసు, ఊరు, చనిపోయిన నెల. బాలమల్లు, యాభై ఒకటి, గొల్లబండ. హనుమండ్లు, ఇరవై ఆరు, ఇచ్చోడ దగ్గరి తండా. అన్నీ చంద్రవ్వ చెప్పిన వరసలోనే.

దాని కింద చిన్న అక్షరాల్లో: 'సార్ తీసేయమన్నరు. సంపాదకీయం పెరిగింది. మళ్ల అడుగుతరు, ఉంచిన. తిరుమల, 14-3-2001.'

12.15

వాదిస్తాను. ఇది తర్వాత చేర్చి ఉండవచ్చు. చేర్చలేదు. ఫైలు తారీఖు అదే రోజు. సీడీ ఒకసారి రాస్తే మళ్లీ మార్చలేం. అది నా అరలోనే ఉంది, ఇన్నేళ్లూ.

నేను అనలేదు అని వాదించవచ్చు. కానీ గుర్తొచ్చింది. నిలబడి ఉన్నాను, ప్రూఫు చేతిలో ఉంది, టీ ఉంది. నాలుగో పేజీలో పేర్లు ఉన్నాయి, నా వాక్యాలు పదమూడు పట్టక మిగిలిపోయాయి. ఏం తీద్దాం సార్ అని తిరుమల అడిగింది. పేర్లు వచ్చే సంచికలో వేద్దాం అన్నాను. వచ్చే సంచికలో తిరుమల మీద రాశాను. చంద్రవ్వ పేర్లేవి బిడ్డా అని అడిగిన రోజు నాకు ఒక దొంగ కావలసి వచ్చింది. కావాలని అబద్ధం చెప్పానా? కాదనుకుంటాను. రాసే లోపలే నమ్మేశాను. అది ఇంకా అధ్వానం.

13 జులై

విండోస్ 98ని మూసినప్పుడల్లా, ఇప్పుడు కంప్యూటర్ ఆపివేయడం క్షేమం అంటుంది. ఇవాళ నాలుగుసార్లు మూసి తెరిచాను. ఉన్నాయి.

15 జులై, మంగళవారం

గొల్లబండ. పేర్లు పెద్ద అక్షరాల్లో ప్రింటు తీసి, కింద తిరుమల రాసిన ముక్కతో సహా పట్టుకెళ్లాను. ఆ ముక్క కత్తిరించి తీసుకెళ్లవచ్చు. కత్తెర చేతిలోకి తీసుకున్నాను కూడా. వందన చూసింది. పెట్టేశాను.

చంద్రవ్వకు చదువు రాదు. నేనే చదివాను. ఒక్కో పేరుకూ ఊఁ అన్నది. ఏడో పేరు దగ్గర ఆపి, గీ పిలగాడు పాట పాడెటోడు, మరాఠి పాట, మాకు ఒక్క ముక్క సమజ్ కాకపోవు అంది. పదకొండూ అయ్యాయి. కింది ముక్క కూడా చదివాను. అప్పుడు ఊఁ అనలేదు.

అయితే నువ్వే తీసినవా అంది. నేనే అన్నాను. ఆ పొల్ల మీద నేను మన్ను బోసిన, నీ మాట పట్టుకోని, బజార్ల కనవడితె మొఖం తిప్పుకున్న అంది. సంజాయిషీ మొదలుపెట్టాను. ఆ రోజుల్లో ఉద్యమానికి సంపాదకీయం ఎంత అవసరమో చెప్పబోయాను. చెయ్యి ఎత్తి ఆపింది. నీకు మాటలు ఎక్కువున్నయి బిడ్డా, గందుకే మా పేర్లకు జాగ లేకపాయె అంది.

తిరుమలకు ఫోన్ కలపమంది. కలిపి ఇచ్చాను. బయటకు పొమ్మంది. పోయాను. ముప్పావు గంట.

17 జులై, ఉదయం 10.30, గొల్లబండ, హియరింగ్ షామియానా

తిరుమల మొదటి బండికే వచ్చింది. చంద్రవ్వ డిమాండ్లు చెప్పింది, ఆమె రాసింది. ఒక కాపీ ఆఫీసర్లకు, ఒకటి నాకు. ఇందులో నా మాట లేదు.

1. పదకొండు పేర్లు మైకుల చదువాలె. చదివేది తిరుమల.
2. చదువుతున్నంతసేపు ఆఫీసర్లు, జగపతిరావు లేచి నిలవడాలె.
3. ఎవ్వలు సావలే అన్న మాట రిపోర్టుల నుంచి తియ్యాలె.
4. నీళ్లు కొట్టకుంట బండకు డ్రిల్లు పెట్టొద్దు.
5. బయటి నుంచి వచ్చి సచ్చినోళ్ల ఇండ్లకు కబురు పంపాలె, ఎట్ల సచ్చిండ్రో రాసి.
6. తిరుమల మీద రాసింది అబద్ధమని సంపత్ సారు రాయాలె. పేరు పెట్టి. తిరుమల చెప్పినన్ని మాటలే.
7. సంపత్ సారు ఇయ్యాల మాట్లాడొద్దు.