ఆ పొట్లంలో ఉన్నది పురుగుమందు కాదమ్మా

అమ్మకు జయపాల్ వందనాలు. మంగళగిరిలో నేను బాగానే ఉన్నాను, ముందు ఈ మాట నమ్ము.

ఫోన్ చేస్తే ఏడుస్తున్నావు గానీ వినడం లేదు. అందుకే ఈ కార్డు. నా పేరున ఇంటికొచ్చిన పొట్లం నువ్వు విప్పి, వాసన చూసి, పురుగుమందు గుళికలనుకుని పత్తికంప పక్కన పూడ్చిపెట్టావని చెల్లి ఆరాధన చెప్పింది. అవి నేను చేసే బొమ్మకారు ఇంజను ముక్కలమ్మా. అది హాట్‌రాడ్, అంటే పెద్ద ఇంజను బిగించిన పాతకాలపు కారు. అతికించుకోమని ముక్కలుగా అమ్మే కిట్‌లో ఇచ్చిన ఇంజను దానికి నప్పలేదు. నప్పేది విడిగా పోతపోసి అమ్మేవాళ్ళ కోసం ఏడాదిగా వెతికాను. ఆ వాసన వాటిని పోతపోసే రెజిన్ అనే ప్లాస్టిక్‌ది, సబ్బునీళ్ళలో కడిగితే పోతుంది.

ఉద్యోగం పోయిన దిగులు ఉంది, కాదనను. కానీ "మీ జక్రయ్య మామయ్య కూడా ఇట్టాగే బానే ఉన్నానన్నాడురా, తెల్లారేసరికి చేలో పడున్నాడు" అని నన్ను ఆయనతో పోల్చకు.

పారతో పొడిస్తే ముక్కలు విరుగుతాయి. చెల్లిని చేత్తోనే తవ్వమను, ఏమీ కాదు. కందిగింజంతవి కూడా ఉంటాయి, జాగ్రత్తగా ఏరమను. మిరపకోతలకు వెళ్తున్నావా? మోకాలికి నూనె రాస్తున్నావా? నాన్నకు వందనాలు చెప్పు.

ఆదివారం చర్చి వేళకు వస్తాను. నా గది తలుపుకు లోపలి గడియ పీకించావట. మళ్ళీ పెట్టించకు. తలుపు తీసే ఉంచి, నీ కళ్ళెదుటే కూర్చుని ఆ కారు చేస్తాను.

నీ కొడుకు,
జయపాల్