మిరప సంచుల మీద తెల్లపొడి

మంగళవారం రాత్రి

ఇవాళ ఇంకో రెండు మిరప మొక్కలు వాడిపోయాయి. పాత గుడ్డతో నేనే సంచులు కుట్టి, మట్టి నింపి మేడ మీద పెట్టినవి. నీళ్లకు కొదవ లేదు, అయినా ఆకుల అంచులు మాడుతున్నాయి. సంచుల బయట తెల్లపొడి. పక్కింటి రమణమ్మక్క చేపలు కడిగిన నీళ్లు పోస్తోందేమోనని వారంగా కాపు కాస్తున్నాను.

సాయంత్రం ఆమె గోడ మీదుగా తొంగి చూసింది.

"ఏం పాపా, కాయలు కాసినాయా?"

రోజూ అదే ప్రశ్న.

"ఆకులే నిలవడం లేదక్కా."

"దిష్టి తగిలిందేమోలే" అని నవ్వుతూ దిగిపోయింది.

సంచికి వేలు రాసి నాలుకకు తగిలించుకున్నాను. ఉప్పు. కిందికొచ్చి, కుట్టుమిషను పక్కన మిగిలిన గుడ్డముక్కను కూడా నాకి చూశాను. దానికి మట్టే తగల్లేదు. అదీ ఉప్పే.

అంటే ఎవరూ ఏమీ పోయలేదు. అది ఉప్పుచేపలు ఎండేసిన గుడ్డ. మా ఊళ్లో చేపల వాసన రాని గుడ్డ ఉండదు కనుక నేను పట్టించుకోలేదు. ఉతక్కుండానే కుట్టేశాను. తప్పు నాదే అనుకుని పడుకోబోయాను.

కానీ ఆ గుడ్డ ఇచ్చింది రమణమ్మక్కే. ఇస్తూ ఏమంది?

"ఉతికిందేలే పాపా, అట్నే కుట్టుకో."